ఉత్తరం ఎవరు రాశారు?

పెళ్లి కావలసిన ఆడపిల్లల చేత రుక్మిణీ కల్యాణం పారాయణ చేయించడం మన ఇళ్లలో పాత అలవాటు. మంచి మొగుడు దొరుకుతాడని నమ్మకం. అయితే పీట వేసి పుస్తకం చేతికిచ్చే పెద్దవాళ్లు ఆ కథను ఒక్కసారి కథగా చూస్తే కాస్త కంగారు పడాలి. అందులో జరిగేది అపహరణ. అన్న రుక్మి శిశుపాలుడికి మాటిచ్చాడు, ముహూర్తం పెట్టారు, మగపెళ్లివారు విడిదిలో దిగారు. ఇంతలో ఇంకొకడు రథం మీద వచ్చి పెళ్లికూతుర్ని ఎక్కించుకుపోయాడు. ధర్మశాస్త్రాలు లెక్కపెట్టిన ఎనిమిది రకాల వివాహాల్లో దీనికి రాక్షసమని పేరు. భారతంలో భీష్ముడు చేసిందీ ఇదే. కాశీరాజు కూతుళ్లు ముగ్గుర్నీ స్వయంవరం జరిగే చోటి నుంచే రథమెక్కించి తెచ్చాడు. అదే రథం, అదే పరుగు, వెనకాల అవే బాణాలు. అయినా ఒకదాన్ని పెళ్లి కోరుకునే పిల్ల చేత చదివిస్తాం, రెండోదాన్ని ఆ ముగ్గురిలో ఒకతె అయిన అంబ ఉసురుగా చెప్పుకుంటాం. ఈ తేడా రథం తోలినవాడి మంచితనం వల్ల వచ్చింది కాదు. రుక్మిణి అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడితో కబురంపింది. అంతఃపురంలోకి వస్తే అయినవాళ్లను చంపవలసి వస్తుంది కాబట్టి తాను పెళ్లికి ముందు ఊరి బయటి అమ్మవారి గుడికి వస్తానని, అక్కడి నుంచి తీసుకుపొమ్మని, ఉపాయమంతా తనే చెప్పింది. అంబను మాత్రం ఎవరూ అడగలేదు.

ఇవాళ యువతులు విరగబడి చదువుతున్న ఒక రకం నవలల గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు రథాలనూ పక్కపక్కన పెట్టుకోవడం మంచిది. డార్క్ రొమాన్స్ అంటారు వాటిని. అందులో కథానాయకుడు మాఫియా నాయకుడో, బందీ చేసినవాడో, అర్ధరాత్రి కిటికీ అవతల నిలబడి చూసేవాడో అయి ఉంటాడు. నాయిక వద్దంటుంది, అతను వినడు, చివరికి ఇద్దరూ ఒకటవుతారు. రచయితలు ఎవరి గుమ్మం తొక్కకుండా ఈ-పుస్తకాలు వేసుకునే వీలు వచ్చాక, 2010 తర్వాతి ఏళ్లలో ఈ రకానికి ఒక పేరూ ఒక అంగడీ స్థిరపడ్డాయి. సి.జె. రాబర్ట్స్ ‘క్యాప్టివ్ ఇన్ ద డార్క్’ 2011లో వచ్చింది. హెచ్.డి. కార్ల్టన్ 2021లో సొంతంగా వేసుకున్న ‘హాంటింగ్ ఆడెలీన్’ టిక్‌టాక్ పాఠకుల నోళ్లలో పడి ఖండాలు దాటింది. రాసేది ఎక్కువగా ఆడవాళ్లు, చదివేదీ ఎక్కువగా ఆడవాళ్లే. ఇంత చదువు చదివి, ఇన్ని హక్కులు తెచ్చుకుని, తీరా కోరుకునేది ఇదా అని అడిగేవాళ్లు అందుకే ఎక్కువయ్యారు. ప్రశ్న న్యాయమైనదే, కానీ సగం చోటే వెతుకుతోంది. కథ లోపల ఎవరి మీద ఎవరి పెత్తనం సాగుతోందో అది చూస్తుంది. ఆ కథను పిలిపించుకున్నది ఎవరో చూడదు. డార్క్ రొమాన్స్‌లో నాయిక అంబ స్థానంలో ఉంటుంది, ఆమె ఉత్తరం రాయలేదు. పాఠకురాలు రుక్మిణి స్థానంలో ఉంటుంది, ఉత్తరం ఆమెదే. ఈ ఇద్దరి మధ్య ఉన్న ఎడమే ఈ నవలలకు బలం. ఆ ఎడం లేనట్టు నటించిన చోటే అవి మోసం చేస్తాయి.

ఈ కథ కొత్తదేమీ కాదు, ఇంగ్లీషు నవలంత పాతది. శామ్యూల్ రిచర్డ్‌సన్ ‘పమేలా’ అచ్చయింది 1740లో. పమేలా పదిహేనేళ్ల పనిమనిషి. యజమాని ఆమె వెంట పడతాడు, ఇంటికి పంపుతున్నానని బండెక్కించి దూరాన ఉన్న ఇంకో బంగళాలో బంధిస్తాడు, కాపలాకు ఒక గయ్యాళిని పెడతాడు. పమేలాకు మిగిలింది కలం ఒక్కటే. జరిగినదంతా తల్లిదండ్రులకు ఉత్తరాలుగా రాస్తుంది. పంపే దారి లేక ఆ కాగితాలను లోపావడాకు నడుము చుట్టూ కుట్టుకుని తిరుగుతుంది. యజమానికి ఆ సంగతి తెలుస్తుంది. ఇవ్వకపోతే బట్టలు విప్పించి వెతికిస్తానంటాడు. నవల మొత్తంలో నన్ను ఎక్కువసేపు ఆపిన చోటు ఇది: ఒంటినీ రాతనూ ఒకే కుట్టుతో కుట్టేశాడు రచయిత, ఒకటి దోచుకోకుండా రెండోది దొరకదు. చివరికి కాగితాలు అతని చేతికి వస్తాయి, అతను చదువుతాడు, చదివి మారతాడు. బెదిరించి తెప్పించుకున్న ఉత్తరాలే అతన్ని లొంగదీశాయి. తర్వాత పెళ్లి. పమేలా గెలిచిందా, లేక పంజరానికి బంగారు పూత పడిందా అన్నది అప్పుడే తేలలేదు. మరుసటి ఏడే హెన్రీ ఫీల్డింగ్ ‘షామెలా’ అని వెక్కిరింపు రాశాడు. అందులో పిల్ల పెద్ద మాయలాడి, వద్దనడమే ఆమె వల. ఆడది వద్దంటే అర్థం వేరే ఉంటుందన్న మగవాళ్ల పాత అనుమానం అంత తొందరగా అచ్చెక్కిందన్నమాట.

‘పమేలా’కు నాలుగేళ్ల ముందు, 1736లో, ఇంగ్లండులో ఇంకో పుస్తకం అచ్చయింది. అప్పటికి ఎప్పుడో చనిపోయిన న్యాయమూర్తి మాథ్యూ హేల్ రాసిన నేరశాస్త్ర గ్రంథం. పెళ్లితోనే భార్య తనను తాను భర్తకు ఇచ్చేసుకుంది, ఆ ఒప్పుకోలును వెనక్కి తీసుకోలేదు, కాబట్టి భర్త మీద అత్యాచార నేరం నిలవదని అందులో ఆయన తేల్చాడు. ఆ మాటను ఇంగ్లండు కోర్టు పూర్తిగా కొట్టేసింది 1991లో. అమెరికాలో చివరి రాష్ట్రం దారికి వచ్చేసరికి 1993 అయింది. మన దగ్గర అది ఇప్పటికీ బతికే ఉంది. భారతీయ శిక్షాస్మృతి 375వ సెక్షన్‌లోని మినహాయింపు, 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లోకి నడిచి వచ్చింది. భార్యకు పద్దెనిమిదేళ్లు నిండితే చాలు. 2022లో ఢిల్లీ హైకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు ఈ విషయంలో చెరో మాట చెప్పారు. డార్క్ రొమాన్స్ చర్చలో ఈ చట్టం ఊసు ఎందుకంటే, ‘వద్దు’ను లెక్కచేయని మగవాణ్ని మొదట సృష్టించింది నవలలు కావు. ఆ నవలలు రాసిన, చదివిన స్త్రీలు ఒకసారి చేసిన సంతకం శాశ్వతంగా చెల్లుతుందని చెప్పిన ప్రపంచంలో బతికారు.

ఇందులోంచే ఈ రకం కథలకు అందరూ చెప్పే వివరణ పుట్టింది. కోరిక ఉందని చెప్పడమే తప్పైన కాలంలో, తప్పు తన మీదకు రాకుండా సుఖం దక్కాలంటే ఎవరో ఒకడు బలవంతం చేయాలి. ఇ.ఎం. హల్ 1919లో రాసిన ‘ద షేక్’లో మొండి ఇంగ్లీషు పిల్ల డయానాను ఎడారి నాయకుడు ఎత్తుకుపోతాడు, రెండేళ్లకు రుడాల్ఫ్ వాలెంటీనో తెర మీద ఆ వేషం కట్టి ఒక తరం ఆడవాళ్లకు కలలో మనిషయ్యాడు. 1972లో కాథలీన్ వుడివిస్ రాసిన ‘ద ఫ్లేమ్ అండ్ ద ఫ్లవర్’లో నాయకుడు నాయికను వేశ్య అనుకుని మొదటి అధ్యాయాల్లోనే బలాత్కరిస్తాడు, ఆ తర్వాత వందల పేజీలు ప్రేమకథ. లక్షల ప్రతులు అమ్ముడుపోయి ఆ పుస్తకం ఒక పరిశ్రమకే దారి వేసింది. ‘నేను అడగలేదు’ అని నాయిక చెప్పుకోగలగడమే అక్కడ అసలు సౌకర్యం అని విమర్శకులు అన్నారు. వినడానికి బాగుంది. కానీ అదే నిజమైతే, ‘నాకు కావాలి’ అని పైకే చెప్పగల ఈ తరంలో ఈ కథలు ఎండిపోవాలి. ఎండకపోగా చిక్కబడ్డాయి.

మనస్తత్వ శాస్త్రజ్ఞుల లెక్కలూ ఆ వివరణకు అడ్డం తిరుగుతున్నాయి. జోసెఫ్ క్రిటెలీ, జెన్నీ బివోనా అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2008లో ఒక సమీక్ష వేశారు. బలవంతపు కలయికను ఎప్పుడో ఒకప్పుడు ఊహించుకున్న స్త్రీలు 31 నుంచి 57 శాతం దాకా ఉన్నారని తేలింది. ఆ తర్వాత 2012లో వాళ్లే మరొకరితో కలిసి ఈ ఊహలకు చెప్పే కారణాలను పరీక్షించి చూశారు. నింద తప్పించుకోవడానికే అన్న వాదానికి ఆధారం దొరకలేదు. కామం గురించి సిగ్గూ భయమూ తక్కువగా ఉన్నవాళ్లలోనే ఇలాంటి ఊహలు ఎక్కువ. అంటే ఇది నోరు నొక్కుకున్నవాళ్ల దొడ్డిదారి కాదు, నోరున్నవాళ్ల ఆట. ఆట అనే మాట కావాలనే వాడుతున్నాను. ఊహలో బలవంతం చేసేవాడి ముఖం, మాట, ఆగే చోటు అన్నీ ఊహించేవాళ్ల చేతిలోనే ఉంటాయి. నిజమైన అత్యాచారంలో మొదట పోయేది ఆ అదుపే. ఈ రెండింటికీ ఒకే పేరు ఉండటం భాష చేసిన అన్యాయం.

పాఠకురాలి చేతిలో ఉండే ఆ అదుపును దగ్గర్నుంచి చూసి రాసిన పుస్తకం జానిస్ రాడ్‌వే ‘రీడింగ్ ద రొమాన్స్’, 1984 నాటిది. అమెరికా నడిమి భాగంలో ఒక ఊళ్లో, ఒకే పుస్తకాల కొట్టు చుట్టూ చేరిన గృహిణులతో ఆమె మాట్లాడింది. పుస్తకం కొనేముందు చివరి పేజీలు తిరగేసి ముగింపు సుఖాంతమో కాదో చూసుకునేవాళ్లు వాళ్లలో కనిపించారు. సస్పెన్సు పోతుందని మనం నవ్వొచ్చు, కానీ ఆ తిరగేయడంలో ఒక షరతు ఉంది: గమ్యం ముందే చెబితేనే రథమెక్కుతాను. కథలో నాయిక దేనికి భయపడుతుందో దానికి పాఠకురాలు భయపడనక్కర్లేదు, ఎందుకంటే ఆమె ఆఖరి పేజీ చూసేసింది. అంతేకాదు, క్రూరంగా బలాత్కరించే నాయకులు వాళ్లకు నచ్చేవాళ్లు కాదు. ఏది ఒప్పుకోవాలో ఏది విసిరికొట్టాలో వాళ్ల లెక్క వాళ్లకుంది. ఇంట్లో అందరికీ అన్నీ అమర్చే మనిషి ‘నేను చదువుకుంటున్నాను, కాసేపు పిలవకండి’ అనడం చిన్న తిరుగుబాటే. కానీ రాడ్‌వే అక్కడితో ఆగలేదు. చదవడమనే పని తిరుగుబాటు, చదివిన కథ మాత్రం సర్దుకుపొమ్మనే చెబుతుంది అన్నది. మొరటు మగవాడి లోపల మెత్తని మనసుందని, ఓపిక పడితే అది బయటికొస్తుందని కథ నమ్మిస్తుంది. నలభై ఏళ్లు దాటినా ఈ మాటకు సరైన జవాబు ఎవరూ చెప్పలేదు, నాతో సహా.

ఇవాళ్టి పుస్తకాల్లో ఆ చివరి పేజీ చేసిన పని మొదటి పేజీ చేస్తోంది. ‘హాంటింగ్ ఆడెలీన్’ కథ కంటే ముందు హెచ్చరికలు వస్తాయి: లోపల ఏ రకం హింస ఉంది, ఎంత ఉంది, ఎవరు చదవకూడదు. మందు సీసా మీది చీటీలాంటిది. దీన్ని వ్యాపారపు ఎర అని కొట్టేసేవాళ్లున్నారు, అందులో నిజం లేకపోలేదు. నిషిద్ధమని రాస్తే అమ్మకం పెరగడం లోకసహజం. అయినా ఆ పేజీ ఒక పని చేస్తుంది. నాయికకు దక్కని అవకాశాన్ని పాఠకురాలికి ఇస్తుంది. చదివి, ఒప్పుకుని, పేజీ తిప్పమంటుంది.

కాగితం మీద ఒప్పందం అనే ఈ ఆలోచనను కథలోకే లాక్కొచ్చిన నవల ఇ.ఎల్. జేమ్స్ ‘ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే’. 2011లో వచ్చిన ఆ పుస్తకాన్ని భాష బాగోలేదని తిట్టడం సులువు, తిట్టవలసిందే. అందులో కోటీశ్వరుడు క్రిస్టియన్ గ్రే కాలేజీ పిల్ల అనస్టేషియా ముందు ఒక ఒప్పంద పత్రం పెడతాడు. ఏం తినాలి, ఎంతసేపు పడుకోవాలి, ఏ బట్ట కట్టాలి, వారానికి నాలుగుసార్లు వ్యాయామం, పడకగదిలో ఏవి సరే ఏవి కావు, అన్నీ నంబర్లు వేసి ఉంటాయి. ఆ పిల్ల కూర్చుని బేరమాడుతుంది. నాలుగు కాదు, మూడుసార్లే అంటుంది. తిండి పట్టిక కుదరదంటుంది. బజారులో ఆనపకాయ బేరమాడినట్టు సాగే ఆ పేజీల్లో ఉన్న సరసం పడకగది పేజీల్లో లేదని నా అభిప్రాయం. అన్నిటికంటే ముఖ్యం, ఆమె ఆ కాగితం మీద సంతకం పెట్టదు. మొదటి భాగం చివర, నువ్వు చేయగల కష్టమైన శిక్ష ఏదో చూపించు అని తనే అడిగి, బెల్టుతో ఆరు దెబ్బలు లెక్కపెట్టి, లేచి వెళ్లిపోతుంది. పుస్తకం అక్కడే ఆగి ఉంటే నేను దాన్ని మంచి నవలల వరుసలో పెట్టేవాణ్ని. రెండో భాగంలో ఆమె తిరిగి వస్తుంది, మూడో భాగంలో పెళ్లి. ఆ కాగితం మీద పెట్టని సంతకం పెళ్లి పుస్తకంలో పెడుతుంది.

ఇక పెద్ద అభ్యంతరం. ఈ పుస్తకాలు హింసను ప్రేమ అని నేర్పుతాయి, చిన్నపిల్లలు చదువుతున్నారు, రేపు చేయెత్తిన మొగుణ్ని కూడా లోపల మంచివాడే అనుకుంటారు అంటారు. భయం అబద్ధం కాదు. కానీ పాఠం ఎక్కడ నేర్చుకుంటున్నామో చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబేనన్న స్త్రీలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. దేశంలో మనమే ముందున్నాం. అత్తమామలకు మర్యాద ఇవ్వకపోవడం, ఇల్లూ పిల్లలనూ పట్టించుకోకపోవడం సర్వేవాళ్లు అడిగిన కారణాల్లో ఉన్నాయి. వీళ్లెవరూ ఇంగ్లీషులో మాఫియా నవలలు చదివి ఆ మాట అనలేదు. ఆ పాఠం ఇంట్లో, సీరియల్లో, పాటలో, హెచ్చరిక పేజీ లేకుండా దొరికింది. కాలేజీ గేటు దగ్గర అమ్మాయి దారికి అడ్డంపడి, వద్దన్నకొద్దీ వెంటపడే హీరోకు మన సినిమా దశాబ్దాలుగా కామెడీ ట్రాకూ డ్యూయెట్టూ ఇచ్చింది. 2017లో ‘అర్జున్ రెడ్డి’ వచ్చినప్పుడు, అడగకుండా పెట్టిన ముద్దు మీద కొన్నాళ్లు గొడవ జరిగింది. నిజానికి ఆ సినిమా కొత్తగా చేసింది తక్కువ. అంతకుముందు నవ్వుతూ చేసినదాన్ని ముఖం మాడ్చుకుని చేసింది, అందుకే కంటికి ఆనింది. విషమని చీటీ అంటించిన సీసా కంటే, మంచినీళ్ల కుండలో కలిసినదానికి నేను ఎక్కువ భయపడతాను.

అయితే ఈ పుస్తకాల అభిమానులు ‘ఇది వట్టి కథే కదా’ అని చేతులు దులుపుకుంటే ఒప్పుకోను. నవల మనిషిని మారుస్తుందని మనమే సభల్లో చెబుతాం. నచ్చిన నవల మారుస్తుంది, నచ్చనిది మార్చదు అంటే కుదరదు. హెచ్చరిక పేజీ పెద్దవాళ్ల మధ్య ఒప్పందం. పద్నాలుగేళ్ల పిల్ల ఆ పేజీ తిప్పితే ఉత్తరం రాసినట్టు కాదు. ఆమె రాయగల వయసులో లేదు. దానికి కొట్టువాడూ ఇంటివాడూ జవాబుదారీ. ఇక రచయితలు చేసే మోసం ఇంకోటుంది, అదే నాకు ఎక్కువ అభ్యంతరం. ‘హాంటింగ్ ఆడెలీన్’లో వెంటాడే జేడ్, ఆడవాళ్లను అమ్మే ముఠాలను వేటాడి చంపుతుంటాడు. వాళ్లంత దుర్మార్గుల పక్కన నిలబెడితే ఎవడైనా ధర్మరాజులా కనిపిస్తాడు. ఇంకెక్కడో ఉన్న స్త్రీల ‘వద్దు’ కోసం ప్రాణాలకు తెగించేవాడు, ఎదురుగా ఉన్న స్త్రీ ‘వద్దు’ను పట్టించుకోడు. ఆ వైరుధ్యాన్ని నవల తవ్వి ఉంటే గొప్పగా ఉండేది. తవ్వకుండా ఒకదాంతో ఇంకోదాన్ని కడిగేసింది. నాయికకూ పాఠకురాలికీ మధ్య ఉన్న ఎడాన్ని చెరిపేయడమంటే ఇదే: నువ్వు పిలిచావు కాబట్టి ఆమె కూడా పిలిచినట్టే అని మెల్లగా ఒప్పించడం.

మన యద్దనపూడి సులోచనారాణి ఈ ఎడాన్ని ఇంకో రకంగా పట్టుకుంది. ఆమె నాయకులూ డబ్బున్నవాళ్లే, పొగరున్నవాళ్లే, పెద్ద కార్లున్నవాళ్లే. ‘సెక్రటరీ’లో అయితే యజమాని, అతని దగ్గర పనిచేసే అమ్మాయి. అంటే అధికారం ఎటుందో చెప్పనక్కర్లేదు. కానీ రాజశేఖరం ముందు జయంతి తల వంచకపోవడమే కథను నడిపించే ఇరుసు. ఆత్మాభిమానం అనే మాటను మన మధ్యతరగతి ఆడపిల్లల నోట అంతగా నానబెట్టినవి ఆ నవలలే. వాటిని కలల బేరమని కొట్టేసిన విమర్శకులు మనకు తక్కువ లేరు. ఆ కలలో ‘కుదరదు’ అనే పిల్ల ఉందన్న సంగతి వాళ్ల కంటికి ఆనలేదు. ఇప్పుడు ఫోన్లలో వారంవారం, రోజురోజూ వచ్చే తెలుగు సీరియల్ కథల్లో ఒప్పందపు పెళ్లిళ్లు, బలవంతపు తాళులు కనిపిస్తున్నాయి. వాటిని చదివేవాళ్లు కింద వ్యాఖ్యల్లో నాయకుణ్ని తిడతారు, నాయికను పుట్టింటికి పొమ్మంటారు, రేపటి భాగం ఎలా ఉండాలో ఆజ్ఞాపిస్తారు. రచయిత్రి కొన్నిసార్లు వింటుంది.

రచయితతో పాఠకులు పడే ఈ పేచీ కూడా రిచర్డ్‌సన్ కాలం నాటిదే. ‘పమేలా’ తర్వాత ఆయన రాసిన ‘క్లారిస్సా’ 1747 డిసెంబరు నుంచి ఏడాదిపాటు విడతలుగా వెలువడింది. అందులో లవ్‌లేస్ అనే మాటకారి క్లారిస్సాకు మత్తు పెట్టి చెరుస్తాడు. తర్వాత పెళ్లి చేసుకుంటానని బతిమాలతాడు. పమేలా దొర మారినట్టు ఇతనూ మారతాడని పాఠకులు ఎదురుచూశారు. క్లారిస్సా ఒప్పుకోదు. తన శవపేటికను తనే చేయించుకుని, గదిలో పెట్టించుకుని, దాని మీదే కాగితాలు పరుచుకుని ఉత్తరాలు రాస్తుంది. చివరి సంపుటాలు ఇంకా రాకముందే లేడీ బ్రాడ్‌షే అనే పాఠకురాలు మారుపేరుతో రచయితకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది: లవ్‌లేస్‌ను మార్చండి, ఇద్దర్నీ కలపండి. రిచర్డ్‌సన్ వినలేదు. ఆమె సోదరి లేడీ ఎక్లిన్ బతిమాలుతూ కూర్చోలేదు, కలం తీసుకుని తనకు కావలసిన ముగింపు తనే రాసుకుంది. అందులో లవ్‌లేస్ పశ్చాత్తాపపడతాడు, అతన్ని ఆమె వదులుకోలేదు. అత్యాచారం మాత్రం జరగదు. రెండు వందల ఏళ్లకు పైగా చేతిరాతలోనే ఉండిపోయిన ఆ కాగితాలు 1982లో అచ్చయ్యాయి.